రూబీ ఎడమ చెవిలో పద్నాలుగేళ్లు

ఇది సముద్రాలు దాటిన కథ. డర్బన్ శివారు మెరీబ్యాంక్‌లో, రిఫైనరీ పొగకి ఆరేసిన బట్టలు నల్లబడే పెరట్లో అడుగులు నేర్చుకున్న ఒక పిల్ల, ఊళ్లకు ఊళ్లు ఒకే గొంతుతో తన పేరు అరిచే స్టేడియాల దాకా ఎలా వెళ్లిందో చెప్పే మహాగాథ. ఇందులో మరణం ఉంది, నియమభంగం ఉంది, విధి ఆడిన ఆట ఉంది.

అలా మొదలుపెట్టమని ఈ వ్యాసం అడిగినవాళ్లు చెప్పారు. నా వంతు ప్రయత్నం చేశాను. నిజానికిది ఒక వైరు కథ. వైరుకి ఒక చివర నా మైకు, రెండో చివర రూబీ ఎడమ చెవి. ఈ మధ్యలో ప్రపంచఖ్యాతి అనేది కూడా జరిగింది. అప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను కాబట్టి సరిగ్గా చూడలేదు.

ముప్పై అయిదేళ్లకి రిటైరయ్యాను. రిటైర్మెంటుకి తెల్లజుట్టు కావాలని మా నాన్న అభిప్రాయం. చెవుల డాక్టరు సంతకం ఉంటే చాలని నా అనుభవం.

పనేమిటంటే

స్టేజీ మీద పాడేవాళ్లకి తమ పాట తమకి వినపడదు. జనంవైపు తిరిగిన పెట్టెలు జనానికే పాడతాయి. పాడే మనిషికి చేరేది గుహలో ఉరుము లాంటి మోత. అందుకని ఆ ఒక్క మనిషి కోసం విడిగా శబ్దం కలిపి పంపాలి. మొదట్లో అది కాళ్లముందు పెట్టిన చిన్న పెట్టెలోంచి వచ్చేది, తర్వాత చెవిలో పెట్టుకునే చింతగింజంత బిరడాలోంచి. ఈ పనిని మానిటర్లు అంటారు. బాగా చేస్తే ఎవరికీ తెలియదు. చెడగొడితే ఒక్కరికే తెలుస్తుంది. కాకపోతే పోస్టరు మీద ఉండేది ఆ ఒక్కరి పేరే.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకి నేను చెప్పేది ఒకటే: పొగడ్త ఆశించేవాళ్లు లైట్ల డిపార్టుమెంటుకి వెళ్లండి. వాళ్ల పని కనీసం కనపడుతుంది.

సన్నీ అంకుల్ వీపు

మా నాన్న తణుకులో చక్కెర మిల్లు కెమిస్టు. తెల్లవాళ్ల పాలన పోయి ఈ దేశం అందరితో మొదటిసారి ఓటు వేయించి ఏడాది తిరిగిందో లేదో, డర్బన్ దగ్గర ఉంజింటో మిల్లులో ఉద్యోగం దొరికి అందరం వచ్చేశాం. నాకు చెరకు వాసన పడదు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పట్టుకుని ఇసిపింగోలో సౌండ్ సెట్లు అద్దెకిచ్చే సన్నీ అంకుల్ దగ్గర చేరాను. ఆయన ముత్తాతని విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లోకి కూలీగా తెచ్చారు. నాలుగు తరాలు గడిచేసరికి ఆ ఇంట్లో తెలుగు చాలావరకు పోయింది. దండాలు మిగిలాయి, కూరల పేర్లు మిగిలాయి, తిట్లు పూర్తిగా మిగిలాయి. అక్కడ నా పేరు ఎవరికీ అక్కరలేకపోయింది. అందరికీ నేను 'ఇండియా'ని.

మునిసిపల్ ఎన్నికల రోజులవి. శనివారం ఒక పార్టీ మీటింగు, ఆదివారం దాని బద్ధశత్రువు మీటింగు. రెంటికీ అవే పెట్టెలు. ఒక శనివారం ఎవరో పెట్టె వెనక తమ పార్టీ స్టిక్కరు అతికించారు. నేను ముందువైపు తుడిచి లారీ ఎక్కించాను. ఆదివారం, రెండో పార్టీ రంగుల్లో మైదానం నిండిపోయాక, అంకుల్ పెట్టె వెనక్కి వెళ్లి చూసి, స్టిక్కరుకి వీపు ఆనించి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మీటింగంతా అలాగే ఉన్నాడు. జనం ఆయన్ని నాయకుడి అంగరక్షకుడనుకున్నారు. పోయేముందు నాయకుడే వచ్చి చెయ్యి కలిపి, "మీలాంటి నిబద్ధత కావాలి" అన్నాడు.

లారీ ఎక్కాక అంకుల్ చెవిలో వేలు పెట్టి ఆడించుకుంటూ అన్నాడు: "పెట్టికి పార్టీ లేదురా, లైటీ. ముందు తుడువు. ఎనక తుడువు. అప్పుడు ప్లగ్గు. అర్థమైందా, దున్నపోతా?"

లైటీ అంటే అక్కడ పిల్లగాడని. దున్నపోతుకి అనువాదం అవసరం లేదు. తర్వాత నేను చూసిన బాసులెవరూ ఇంత స్పష్టంగా పాఠం చెప్పలేదు.

చావింట్లో వాక్‌మన్

రూబీ క్యాసెట్లు కాపీ చేయించుకోవడానికి షాపుకి వచ్చేది. పద్దెనిమిదేళ్లు. శనివారం గుడి మండపంలో పుష్పాంజలి నాట్యం, ఆదివారం కమ్యూనిటీ హాల్లో డిస్కో. రెంటికీ ఒకే సీరియస్ మొహం. వాళ్లమ్మ బట్టల ఫ్యాక్టరీలో పనిచేసేది. కూతురికి కూడా అక్కడే అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను మీద చోటు మాట్లాడి ఉంచింది. ఏమీ జరగకపోతే రూబీ నెలాఖరుకి ఆ మిషను ముందు కూర్చోవాలి.

ఏదో జరిగే అవకాశం ఒకటే వచ్చింది. పాత ప్రభుత్వం పోయాక బయటి కళాకారులు మళ్లీ ఈ దేశం రావడం మొదలైంది. క్లైవ్ అనే లండన్ నిర్మాత తన పాప్ బృందానికి నాలుగో అమ్మాయిని వెతుకుతూ డర్బన్ వస్తున్నాడని తెలిసింది. ఒక హాలు, ఒక రోజు, మనిషికి మూడు నిమిషాలు.

ఆ రోజుకి సరిగ్గా పదకొండు రోజుల ముందు రూబీ తాత పోయాడు.

ఆ ఇళ్లలో పదహారో రోజు కర్మ అయ్యేదాకా పాట ఉండదు. రేడియో మీద గుడ్డ కప్పుతారు, టీవీని గోడవైపు తిప్పుతారు. ఆటైతే అడగనే అక్కర్లేదు. డాన్సు టీచరు కూడా, "పదహారు అయ్యాక వస్తానమ్మా" అని గుమ్మంలోంచే వెళ్లిపోయింది.

రూబీ షాపుకొచ్చి కౌంటరు మీద తల పెట్టింది. "బ్రూ, మ్యూజిక్ లేదు అంటే ప్రాక్టీస్ లేదు. ప్రాక్టీస్ లేదు అంటే లండన్ లేదు. లండన్ లేదు అంటే ఓవర్‌లాక్. నువ్వు ఇండియా నుంచి వచ్చినావు గదా, మీ పుస్తకంలో ఏమన్నా ట్రిక్ ఉందా?"

బ్రూ అంటే అక్కడ బ్రదరని. పుస్తకం లేదు, వాక్‌మన్ ఉంది. పాట ఆమె చెవి దాటి బయటికి రాదు. టీచరు లేదు కాబట్టి ఏ అడుగు ఎప్పుడో కాగితం మీద రాయించుకుని, పాట మీద నా గొంతుతో చదివి రికార్డు చేశాను. నేను నేనే కాబట్టి మధ్యమధ్యలో వ్యాఖ్యానం కూడా చేర్చాను. "ఎడమ, రెండు, మూడు, తిరుగు. ఇది తిరగడమా? మెరీబ్యాంక్ బస్సు మలుపు తీసుకున్నట్టుంది. ఊపిరి తీసుకో. అయిదు, ఆరు. అవ్వ వచ్చే టైమయింది, కూర్చో, చీపురు పట్టుకో, ఊడుస్తున్నట్టు నటించు. పోయింది, లే. ఏడు, ఎనిమిది."

నాలుగో రోజు బ్యాటరీలు ఇవ్వడానికి వెళ్లాను. వంటింట్లో అవ్వ, అంటే పోయిన తాత భార్య, నాకు టీ పోసింది. లోపలి గదిలోంచి దబ్, దబ్ మని మోత. హాల్లో అద్దాల బీరువాలో కప్పులు గలగలలాడుతున్నాయి. పాట వినపడకుండా చేశాను కానీ, పాటకి కాళ్లుంటాయన్న సంగతి నేను ఆలోచించలేదు.

అవ్వ లేచి వెళ్లి తలుపు తీసింది. టీ కప్పుతో నేనూ వెనకే వెళ్లాను. రూబీ చటుక్కున కూర్చుంది. చేతిలో చీపురు.

"ఏటి సేస్తన్నావు?"

"ఊడుస్తున్నా అవ్వా."

"నువ్వా? ఊడుస్తన్నావా?" అవ్వ ఆ అబద్ధాన్ని పక్కకి కూడా నెట్టలేదు. వచ్చి రూబీ చెవిలోంచి ఒక స్పీకరు పీకి తన చెవికి పెట్టుకుంది. చాలాసేపు విన్నది. నా టీ చల్లారింది. చివరికి నావైపు తిరిగింది.

"ఈడు నువ్వేనా, ఒకటి రెండు అంటన్నాడు?"

"అవునవ్వా."

"నన్ను చూసి చీపురు పట్టుకో అంటన్నావు?"

"అవునవ్వా."

"సిగ్గు లేదేటి?"

దీనికి కూడా అవునవ్వా అన్నాను. అలవాటులో వచ్చేసింది.

రూబీ ఏడుపు మొదలుపెట్టింది. "సారీ అవ్వా. తాతకి నేను డిస్‌రెస్పెక్ట్ చెయ్యలే. ఒక్క రోజే ఉంది. తర్వాత ఆ లండన్ మనిషి మళ్లీ రాడు. నాకు ఆ మిషను వద్దు అవ్వా."

అవ్వ మంచం అంచున కూర్చుని వాక్‌మన్‌ని తిరగేసి చూసింది. "ఈ పాట బైటికి వస్తాదా? రాదు. పక్కింటోళ్లకి ఇనపడతాదా? ఇనపడదు. మీ తాతకి ఇనపడతాదా?" వాక్‌మన్ రూబీ ఒళ్లో పెట్టింది. "మిల్లు మోతకి ఆయన చెవులు ఎప్పుడో పోయినాయి. బతికున్నప్పుడే నా మాట ఇనలేదు. ఇప్పుడు నీ పాట ఇంటాడేటి?"

తీర్పు అక్కడితో అయిపోలేదు. గదిలో రెండు దుప్పట్లు పరవాలి. బూట్లు వద్దు. కప్పులు గలగలమంటే ఆట బంద్. ఎందుకంటే పక్కింటివాళ్లు వింటే పోయేది తాత ఆత్మశాంతి కాదు, అవ్వ పరువు. పదహారో రోజు కర్మలో మనవరాలు కూర్చుని తీరాలి.

"మరి ఆ హాల్లో లౌడ్‌స్పీకర్ పెడతారు అవ్వా," అంది రూబీ భయంగా.

"ఇంట్లో పాట వద్దు అన్నాను. టౌన్‌లో హాలు నా ఇల్లా?"

న్యాయశాస్త్రం చదివినవాళ్లని తర్వాత చాలామందిని చూశాను. కాంట్రాక్టులు రాసేవాళ్లు. అవ్వ ముందు నిలబడగలిగినవాడు ఒక్కడూ లేడు.

తప్పు క్యాసెట్

హాలుకి సన్నీ అంకుల్ బండిలో వెళ్లాం. నా జేబులో రెండు క్యాసెట్లు. ఒకటి ఒట్టి పాట, ఒకటి నా గొంతు ఉన్నది. రెంటి మీదా నా ముత్యాల్లాంటి అక్షరాలతో 'రూబీ' అని రాసి ఉంది. అంతే రాసి ఉంది. పిల్లలూ, క్యాసెట్ల కాలం పోయింది, ఫైళ్ల కాలం వచ్చింది. ఈ తప్పు మాత్రం ఎక్కడికీ పోలేదు. పేరొక్కటే రాసేవాడు ఈ పనికి పనికిరాడు.

రూబీ స్టేజీ మధ్యలో నిలబడింది. పాట మొదలైంది. దాని మీద, హాలు గోడలు అదిరేలా నా గొంతు: "రెడీయా దున్నపోతా? ఎడమ, రెండు, మూడు."

రూబీ మొదటి రెండడుగులు వేయలేదు. నావైపు చూసింది. నాకూ పదహారో రోజు కర్మ చేయిస్తానన్నట్టు చూసింది. నేను ఆపడానికి పరిగెత్తబోతే అంకుల్ నా చొక్కా పట్టుకున్నాడు. "మూడు నిమిషాలే. ఆపితే అయిపోతది."

ఆమె ఆడింది. దుప్పట్ల మీద వారం రోజులు చప్పుడు లేకుండా ఆడిన కాళ్లు కదా, చెక్క స్టేజీ మీద కూడా పిల్లిలా పడ్డాయి. "అవ్వ వచ్చే టైమయింది, చీపురు పట్టుకో" అని నేను అరవగానే, అలవాటులో, ఆ పిల్ల నిజంగానే కూర్చుని లేని చీపురుతో ఊడ్చింది. "పోయింది, లే" అనగానే లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. నా తలలో ఓవర్‌లాక్ మిషను ఒకటే నడుస్తోంది.

పాట అయ్యాక క్లైవ్ పెన్సిలు చెవి వెనక పెట్టుకుని అడిగాడు. "ఏ భాష అది?"

"తెలుగు," అంది రూబీ.

"ఏమంటున్నాడతను?"

రూబీ మావైపు చూసింది. వెనకనుంచి అంకుల్ చేతులు కట్టుకుని గంభీరంగా అన్నాడు: "పాతది సర్. ఇంట్లో పెద్దలొస్తే ఏం చెయ్యాలో చెప్పేది."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

సాయంత్రానికి పేరు పిలిచారు. రూబీ పదహారో రోజు కర్మలో కూర్చుంది. పదిహేడో రోజు విమానం ఎక్కింది. ఎయిర్‌పోర్టులో అవ్వ నాతో ఒకటే మాట అంది. "ఎల్లిపోయింది. ఇప్పుడు ఆ దుప్పట్లు నువ్వు ఉతుకు."

ఉతికాను.

ఎదుగుదల

ఏడాది తర్వాత రూబీ ఫోను చేసింది. స్టేజీ మీద కాలు తడబడుతోందట. చెవిలో లెక్క చెప్పడానికి క్లైవ్ ఒక మనిషిని పెట్టాడు. అయినా కుదరడం లేదు. "వాడు చాలా మర్యాదగా వన్, టూ అంటాడు ఇండియా. తిట్టడు. తిట్టకపోతే నాకు టైమింగ్ రాదు."

లండన్‌లో ఏం ఉద్యోగమని నాన్న అడిగితే, "ఒకమ్మాయి చెవిలో మాట్లాడాలి" అన్నాను. ఆయన టీవీ సౌండు పెంచాడు.

అలా మొదలైంది. బృందం నలుగురితో మొదలై ముగ్గురై, ఇద్దరై, చివరికి రూబీ ఒక్కతే మిగిలింది. పత్రికలు దాన్ని ఎదుగుదల అన్నాయి. లోపలినుంచి చూస్తే అది హాజరుపట్టీ. మిగిలినవాళ్లకి పెళ్లో, గొంతు నొప్పో, లాయరో వచ్చారు. రూబీకి ఏమీ రాలేదు. రోజూ పొద్దున్నే రిహార్సలుకి వచ్చేది. ఆ చీపురు అడుగు ప్రపంచమంతా పాకింది. ఏ దేశంలో దిగినా స్కూలు పిల్లలు కూర్చుని గాలిని ఊడ్చేవాళ్లు. మెరీబ్యాంక్‌లో అవ్వ టీవీలో అది చూసి, "ఇంట్లో ఒక్కనాడు ఊడవలే," అందట.

ఆమె కళ్లు మూసుకుని ఆడుతుంటే తన్మయత్వం అని రాశారు. ఆ తన్మయత్వంలో ఆమెకి వినపడేది, "ఎడమ. ఎడమ. అమ్మా, అది కుడి."

నా పెద్ద తప్పు ఇంకొకటి చెప్పాలి. మైకుకి ఒక మీట ఉంటుంది, ఎత్తితే నా మాట ఆమె చెవికి వెళుతుంది. ఒక ఊళ్లో విషాదగీతం మధ్యలో, మీట ఎత్తి ఉందని మరిచి, అక్కడి నిర్వాహకుడి విగ్గు గురించి పక్కవాడికి నా అభిప్రాయం చెప్పాను. రూబీ భుజాలు కదిలిపోయాయి, చేతులతో మొహం కప్పుకుంది. మర్నాడు ఆమె స్టేజీ మీద ఏడ్చిందని మొదటి పేజీలో వేశారు. ఇద్దరం ఖండించలేదు. పిల్లలూ, మీట కిందికి. ఎప్పుడూ కిందికి. ప్రతిసారీ అదృష్టం విగ్గు వేసుకుని రాదు.

ఒక్క విషయంలో మాత్రం నాకు జోకు దొరకలేదు.

యూరప్ టూరులో ఉండగా అవ్వ పోయింది. రద్దు చేయడం కుదరదన్నారు. రూబీ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "పదహారు రోజులు నా చెవిలో పాట వెయ్యకు," అంది.

"మరెలా పాడతావు?"

"నువ్వు లెక్క చెప్పు. పాట వద్దు. ఇక్కడ మన ఇల్లు ఇదొక్కటే గదా." చెవి చూపించింది.

కుడిచెవిలో దూది కుక్కుకుంది. ఎడమ చెవిలోకి పదహారు రోజులు నేను సంగీతం పంపలేదు. బయట జనం పాటలో మునిగి ఊగుతున్నారు. మధ్యలో ఆమె ఒక్కతే నిశ్శబ్దంలో ఆడింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ పదహారు రోజులూ నేను ఒక్కసారి కూడా తిట్టలేదు. టైమింగ్ తప్పలేదు.

శ్రుతి మాత్రం ఘోరంగా తప్పింది. ఎలా తప్పకుండా ఉంటుంది? ఆ టూరు సమీక్షల్లో 'పచ్చిదనం' అన్న మాట బాగా కనపడింది.

చెవుల సంగతి

ఈ పనికొచ్చేవాళ్లు ముందురోజే చెవులకి బిరడాలు కొనుక్కోండి. నేను తర్వాత కొనుక్కుందామనుకున్నాను. పద్నాలుగో ఏడు నా కుడి చెవిలో కుక్కరు విజిలు మొదలైంది, ఇంతవరకు దించినవాళ్లు లేరు. డాక్టరు గీసిన గ్రాఫు చూస్తే ఉంజింటో కొండ దిగే రోడ్డు గుర్తొచ్చింది. రూబీకే ముందు చెప్పాను. "నాకు వినపడనిది నీకు పంపలేను. తప్పు పంపితే పోయేది నీ చెవి," అన్నాను. ఆమె వాదించలేదు. నా లెక్క మొత్తం రికార్డు చేయించుకుంది, తిట్లతో సహా. ఇప్పుడు ఆ పని ఒక కంప్యూటరు చేస్తోంది. నాకంటే బాగా చేస్తోందట.

నాకు ఇంట్లో కాలు నిలవదు. ఫ్రిజ్ మోత విని గొంతు కొంచెం తగ్గించాలనిపిస్తుంది. పెళ్లికి వెళితే భోజనాల దగ్గర కాకుండా స్పీకర్ల వెనక తేలుతాను. వద్దన్నా లేచి తిరుగుతూనే ఉంటాను.

చివరిరోజు లండన్ గోడౌనులో టీ ఇచ్చారు. మొదటినుంచీ దుస్తులు చూసే మోరీన్ పాత పెట్టెలు సర్దుతోంది. మాట వరసకి తప్పు క్యాసెట్ కథ చెప్పాను. ఆ గొంతు, ఆ చీపురు, క్లైవ్ మొహం. ఇన్నేళ్లూ నేను పైకి అనలేదు గానీ, రూబీని లండన్ చేర్చింది నా తప్పేనని లోపల గట్టి నమ్మకం. అదే నా వృత్తిజీవితానికి పునాది అనుకున్నాను.

మోరీన్ నోట్లోని గుండుసూదులు తీసింది. "క్లైవ్ నీకు చెప్పలేదా? ఆ రోజు డర్బన్ నుంచి నాకు ఫోను చేశాడు. నలుగురు బాగా ఆడారు, ఎవరైనా ఒకటే అన్నాడు. మానేసిన అమ్మాయి కోసం కుట్టించిన బూట్లు అప్పటికే వచ్చేశాయి, సైజు నాలుగు. మళ్లీ కుట్టాలంటే మూడు వారాలు. టూరుకి రెండు వారాలే ఉంది. నలుగురిలో ఎవరి ఫారం మీద సైజు నాలుగు ఉందో చూసి తెచ్చుకోమన్నాను."

ఆ సాయంత్రం రూబీని అడిగాను. ఫారం మీద నాలుగు అని రాసింది నిజమేనట, స్కూలు బూట్లు గుర్తుండి రాసిందట. అసలు సైజు అయిదు. మొదటి టూరంతా బొటనవేళ్లకి ప్లాస్టర్లు వేసుకుని ఆడింది.

రెండో టూరుకి కొత్త బూట్లు కుట్టించారు.